ట్రక్కుకి పాత టైరు చాలనుకుంటున్నారా?

మండల కేంద్రంలో ఏ టైర్ల షాపు ముందైనా ఓ గంటసేపు నిలబడి చూడండి. ట్రాక్టరున్న రైతు వస్తాడు. వెనక టైర్ల దగ్గర అరగంట బేరమాడతాడు. ఏ కంపెనీ మంచిది, బటన్ ఎంత లోతుంది, ఎన్నేళ్లు వస్తుంది, పక్క ఊరివాళ్లు ఏది వేయించారు, అన్నీ అడుగుతాడు. తప్పులేదు. జత ముప్పైవేల పైమాటే కాబట్టి అడగాల్సిందే. బేరం తెగాక, వెళ్లబోతూ ఒక మాట అంటాడు: "ట్రక్కుకి కూడా రెండు కావాలి. పాతవి ఏమన్నా ఉంటే చూడు. వెనకాల దొర్లేదే కదా, ఎట్లాంటిదైనా పర్లేదు."

ఆ చివరి మాట గురించే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర వెనకాడినట్టుంది మన వ్యవహారం. నన్నడిగితే, చేతిలో డబ్బు తక్కువైనప్పుడు రాజీపడాల్సింది ట్రాక్టరు వెనక టైరు దగ్గర. ట్రక్కు టైరు దగ్గర కాదు. ట్రాక్టరు ముందు టైరు దగ్గర అసలే కాదు. ఈ మాటతో చాలామంది ఒప్పుకోరని తెలుసు. కారణం చెబుతాను, వినండి.

వెనక టైరు అరిగితే ఏమవుతుంది? చేలో జారుతుంది. డీజిలు ఎక్కువ తాగుతుంది. దుక్కి ఆలస్యమవుతుంది. నష్టమే, కానీ కంటికి కనబడే నష్టం. రోజూ కొంచెం కొంచెంగా తెలుస్తూ ఉంటుంది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు మనమే మారుస్తాం. ట్రక్కు టైరు అలా కాదు. నిన్నటిదాకా బాగానే దొర్లుతుంది. ఇవాళ కాలవగట్టు మీద, ఎనభై బస్తాలు వేసుకుని వస్తుండగా, ఒక్కసారిగా పేలుతుంది. మన ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకులే ఉండవు. ఆగాల్సింది ట్రాక్టరు బ్రేకులతోనే. ఒక పక్క టైరు కూలిన ట్రక్కు ఆ పక్కకే లాగుతుంది. గట్టు ఆ పక్కనే ఉంటే ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు.

నాకు ఈ బుద్ధి ఊరికే రాలేదు. 2019 దాళ్వా కోతలప్పుడు మా రెండు చక్రాల ట్రక్కుకి లారీ పాత టైర్లు, రీబటన్ చేసినవి, జత వేయించాను. పైకి చూస్తే నిగనిగలాడుతున్నాయి. షాపువాడు "మూడేళ్లకి ఢోకా లేదండీ" అన్నాడు. పన్నెండో రోజున, ధాన్యం బస్తాలతో పుంత దాటి తారురోడ్డు ఎక్కుతుండగా ఎడమ టైరు పేలింది. బటన్ పట్టీ మొత్తం తోలు ఊడినట్టు ఊడివచ్చింది. బస్తాల మీద ముగ్గురు కూలీలు కూర్చుని ఉన్నారు. ట్రక్కు పక్కకు ఒరిగి ఓ తుమ్మచెట్టుకి ఆనుకుని ఆగింది కాబట్టి వాళ్లు బతికారు. నేను ఈ మాటలు రాయగలుగుతున్నాను. మరో ట్రక్కు తెచ్చి బస్తాలు మార్చేసరికి చీకటి పడింది, రాత్రి జల్లు కొట్టింది. తేమ 17 శాతం దాటిందని ధర కోశారు. రెండు పాత టైర్లలో మిగిలిందనుకున్నది ఆ ఒక్క రాత్రిలో పోయింది, పైగా అప్పు మిగిలింది. బిల్లు లేదు కనుక షాపువాణ్ణి అడిగే నోరూ లేదు.

మోసే బరువెంతో ఎప్పుడైనా లెక్కేశారా?

ఎనభై బస్తాలంటే, బస్తా 75 కిలోల చొప్పున ఆరువేల కిలోలు. ట్రక్కు సొంత బరువు పదిహేను వందలు అనుకుందాం. మొత్తం ఏడువేల అయిదొందలు. నాలుగు చక్రాల ట్రక్కయితే ఒక్కో టైరు మీద పందొమ్మిది వందల కిలోల దాకా పడుతుంది. అదే రెండు చక్రాల ట్రక్కయితే? కొంత బరువు కొక్కెం మీదుగా ట్రాక్టరు వెనక చక్రాల మీదకు పోతుంది. అయిదోవంతు అలా పోయిందనుకున్నా, మిగిలిన ఆరువేల కిలోలూ రెండే టైర్లు మోయాలి. ఒక్కోదాని మీద మూడువేల కిలోలు. "వంద బస్తాలు వెయ్యరా, మళ్లీ ఇంకో ట్రిప్పు ఎందుకు" అంటే మూడువేల ఆరొందలు.

ఇప్పుడు మీ ట్రక్కు టైరు దగ్గరకెళ్లి ఓ గుడ్డతో బురద తుడిచి చూడండి. టైరు పక్కన గరిష్ఠంగా ఎన్ని కిలోలు మోస్తుందో, దానికి ఎంత గాలి ఉండాలో అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకెనూ మీరు వేస్తున్న బరువునూ పక్కపక్కన పెట్టుకోండి. చాలామందికి ఆ లెక్క చూశాక రాత్రి నిద్రపట్టదు. పట్టకపోతే మంచిదే.

టైరు పక్కన ఉన్న మిగతా రాతలు కూడా చదవటం నేర్చుకోవాలి. ఏమీ కష్టం కాదు, ఎరువు బస్తా మీద అంకెలు చదివినట్టే. 13.6-28 అని ఉంటే టైరు వెడల్పు 13.6 అంగుళాలు, రిమ్ము అడ్డకొలత 28 అంగుళాలు. మధ్యలో అడ్డగీత ఉంటే నైలాన్ టైరు, ఆ గీత స్థానంలో 'ఆర్' అక్షరం ఉంటే రేడియల్. రేడియల్ టైర్ల మీద ఈ కొలతే 340/85 ఆర్ 28 అని మిల్లీమీటర్లలో ఉండొచ్చు, కంగారు పడొద్దు. 12 పీఆర్, 16 పీఆర్ అని ఉండేది టైరు బలానికి గుర్తు. లోపల అన్ని పొరలు ఉన్నాయని కాదు, అంత బలానికి సమానమని. ఒకే కొలతలో రెండు రకాల పీఆర్ దొరికితే, ట్రక్కుకి ఎక్కువదే తీసుకోండి. కానీ బలమైన టైరు కదా అని గాలి తక్కువ పెడితే ఆ బలం ఎందుకూ కొరగాదు. బరువు మోసేది గాలి, టైరు కేవలం ఆ గాలిని పట్టి ఉంచే సంచి.

ఇంకో గుర్తు ఉంటుంది, 123 ఏ6 అనో, ఏ8 అనో. 123 అంటే ఆ టైరు 1,550 కిలోలు మోస్తుందని. ఏ6 అంటే గంటకు 30 కిలోమీటర్లు, ఏ8 అంటే 40 కిలోమీటర్ల వేగానికి తయారుచేశారని. మన కుర్రాళ్లు ఖాళీ ట్రక్కు తగిలించుకుని, పెద్ద సౌండు పెట్టుకుని, బస్సుతో పందెం వేసుకుని వెళతారు చూడండి, అప్పుడు ఆ టైరు లోపల వేడెక్కిపోతుంది. ఆ వేళకు పేలదు. లోపలి పొరలు కొద్దికొద్దిగా విడిపోతాయి. మర్నాడు బరువేసినప్పుడు పేలుతుంది. అప్పుడు టైరు కంపెనీని తిడతాం.

లారీవాడు వద్దన్నది మనకెలా పనికొస్తుంది?

లారీ టైరు నాసిరకమని కాదు నేననేది. కొత్తగా ఉన్నప్పుడు అది మన ట్రక్కు టైరు కన్నా ఎక్కువ వేగానికి పనికొస్తుంది. చిక్కల్లా, అది మన దగ్గరకు వచ్చేసరికి దాని కథ మనకు తెలియదు. ఎన్ని రాష్ట్రాలు తిరిగిందో, ఎన్నిసార్లు గాలి లేకుండా నడిచిందో, ఎన్నిసార్లు రీబటన్ అయిందో ఎవరు చెబుతారు? బటన్ కొత్తగా ఉండటం టైరు కొత్తదనానికి గుర్తు కాదు. పైన వేసే రబ్బరు కొత్తది, కింద మోసే కేసింగ్ పాతది. ముసలి ఎద్దుకి కొమ్ములు రంగేసి సంతకు తోలినట్టు.

ఇప్పుడు లారీలు ఎక్కువగా ఉక్కు తీగల రేడియల్ టైర్ల మీద నడుస్తున్నాయి. అవే పాతబడి మన ట్రక్కులకు వస్తున్నాయి. వాటితో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. గాలి తక్కువతో చాలాదూరం నడిచిన రేడియల్ టైరులో పక్కనున్న ఉక్కుతీగలు మడతపడి మడతపడి లోపలే తెగుతాయి. పైకి ఏమీ తెలియదు. పంక్చరు వేసి మళ్లీ గాలి పడుతున్నప్పుడు పక్క మొత్తం జిప్పు తీసినట్టు ఒక్కసారిగా చీలిపోతుంది. ఆ దెబ్బకు ఎదురుగా ఉన్న మనిషి బతకటం కష్టం. గాలి పట్టేటప్పుడు పంక్చరు కుర్రాడి పక్కన కూర్చుని కబుర్లు చెప్పే అలవాటుంటే మానండి, అతన్నీ టైరుకి ఎదురుగా కాకుండా బటన్ల వైపు నిలబడమనండి. ఒకే ఇరుసుకి ఒక పక్క రేడియల్, ఒక పక్క నైలాన్ వేయటం కూడా మానుకోవాలి. రెండూ ఒకేలా వంగవు, ఒకేలా బరువు తీసుకోవు.

అలాగని రీబటన్ మొత్తానికే చెడ్డదంటే అన్యాయం. పెద్ద పెద్ద రవాణా సంస్థలు చేయించుకుంటూనే ఉన్నాయి. నా సలహా ఒకటే. మీ సొంత టైరుకే, మీకు తెలిసిన షాపులో, మీ కళ్లముందు లోపల వెలుపల తడిమి చూపించి మరీ రీబటన్ చేయించుకోండి. అంగట్లో వేలాడదీసిన రీబటన్ టైరు కొనొద్దు. మీ టైరు ఎట్లా తిరిగిందో మీకు తెలుసు. ఎక్కడ ముల్లు గుచ్చిందో, ఎప్పుడు రాయికి తగిలిందో తెలుసు. ట్రాక్టరు వెనక టైరుకి రీబటన్ బాగా పనికొస్తుంది కూడా. నెమ్మదిగా తిరుగుతుంది, పేలినా ట్రాక్టరు బరువు మీద కూర్చుంటుంది. అందుకే మొదట్లో అన్నాను, రాజీపడితే అక్కడ పడమని. ముందు టైర్లకి మాత్రం రీబటన్ మాట ఎత్తొద్దు. స్టీరింగు అంతా వాటి మీదే. నిలువు గీతలు అరిగిపోయిన ముందు టైరు తడిరోడ్డు మీద మీరు తిప్పిన వైపు తిరగదు, వెనకనున్న ట్రక్కు నెట్టిన వైపు పోతుంది.

అరగకపోయినా ముసలిదవుతుంది

మన సన్నకారు రైతుల ట్రక్కు ఏడాదిలో ఎన్ని రోజులు తిరుగుతుంది? సార్వా ధాన్యం, దాళ్వా ధాన్యం, నడుమ కాస్త చెరకో, పశువుల ఎరువో, గడ్డో. మిగతా నెలలన్నీ దిబ్బ పక్కన ఎండలో నిలబడి ఉంటుంది. కాబట్టి మన ట్రక్కు టైరు అరిగి చావదు, ఎండి చస్తుంది. బటన్ చూస్తే సగం కూడా అరిగి ఉండదు, పక్కలు చూస్తే బీటలువారిన చెరువులా ఉంటుంది. గోరు దిగేంత బీటలుంటే బటన్ ఎంతున్నా ఆ టైరు మీద మనుషుల్ని, ధాన్యాన్ని నమ్మొద్దు.

అందుకే కొనేటప్పుడు బటన్ కన్నా ముందు తేదీ చూడాలి. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 3524 అంటే 2024లో 35వ వారంలో తయారైందని. మూడంకెలే ఉంటే అది 2000 సంవత్సరానికి ముందుది, దాని గురించి ఆలోచించక్కర్లేదు. కొత్త టైరైనా షాపులో నాలుగేళ్లు పడి ఉన్నదైతే ధర తగ్గించమనండి, లేదా వేరేది తీయమనండి. ఆ అంకెలు చదవగలడని తెలిస్తే షాపువాడి ముఖమే మారిపోతుంది, చూడండి కావాలంటే.

పని లేనప్పుడు ట్రక్కు ఇరుసు కింద నాలుగు దిమ్మలు పెట్టి చక్రాలు నేలకు తగలకుండా లేపండి. పాత గోనెలో, తాటాకో కప్పండి. డీజిలు, ఇంజనాయిలు కారే చోట నిలబెట్టొద్దు, రబ్బరుని అవి తినేస్తాయి. రూపాయి ఖర్చులేని పని ఇది. అయినా మనలో పదిమందిలో ఒకరు కూడా చెయ్యం. నేనూ 2019కి ముందు చెయ్యలేదు.

వెనక టైరు ఎంచుకునేటప్పుడు

ఎక్కువమంది చేసే తప్పు, పెద్ద టైరు వేస్తే ట్రాక్టరు ఎక్కువ లాగుతుందనుకోవటం. 13.6-28 ఉన్న బండికి 14.9-28 వేయిస్తారు. చేలో పట్టు కొంచెం పెరుగుతుంది, నిజమే. కానీ టైరు ఎత్తు రెండంగుళాల దాకా పెరుగుతుంది. చక్రం పెద్దదైతే అదే గేరులో బండి వేగం పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది, బ్రేకు మీద భారం పెరుగుతుంది. కాలవ వంతెన ఎక్కేటప్పుడు ఇదివరకు మూడో గేరులో ఎక్కిన బరువుకి ఇప్పుడు రెండో గేరు వేయాల్సి వస్తుంది. రిమ్ము వెడల్పు కూడా సరిపోవాలి. ఇరుకు రిమ్ముకి వెడల్పు టైరు ఎక్కిస్తే నడుం ఉబ్బి మధ్య బటన్లే అరుగుతాయి. కంపెనీ పుస్తకంలో మీ బండికి ఏ కొలతలు రాశారో అవే వేయండి.

వేస్తే జతగా వేయండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే రెంటి చుట్టుకొలతా తేడా వస్తుంది. నిటారు రోడ్డు మీద పోతున్నా వెనక ఇరుసులోని డిఫరెన్షియల్ పళ్లచక్రాలు మలుపు తిరుగుతున్నట్టే పనిచేస్తూ అరుగుతాయి. నాలుగు చక్రాలూ లాగే ట్రాక్టరు, అదే ఫోర్ వీల్ డ్రైవు, కొనుక్కున్నవాళ్లు మరింత జాగ్రత్త పడాలి. దానిలో ముందు, వెనక చక్రాల వేగానికి ఒక లెక్క కట్టి గేర్లు అమర్చారు. ముందు టైరు ఒక కొలత, వెనక టైరు ఇంకో కొలత మార్చేస్తే గట్టిరోడ్డు మీద ఆ రెండూ ఒకదాన్నొకటి పీక్కుంటూ గేరుపెట్టెను తినేస్తాయి. రోడ్డు మీద ట్రక్కు లాగేటప్పుడు ముందు చక్రాల డ్రైవు తీసేయండి.

ఇక బటన్ సంగతి. దమ్ముకి లోతు బటన్ కావాలి, రోడ్డుకి వెడల్పు బటన్ కావాలి. రెండూ ఒకే టైరులో పూర్తిగా దొరకవు. లోతు బటన్ టైరు తారురోడ్డు మీద సన్నటి కాళ్లమీద నడిచినట్టు ఊగుతూ తొందరగా అరుగుతుంది. రోడ్డు పనికి వచ్చే టైరు బురదలో బటన్ల మధ్య మట్టి పట్టి గుండ్రంగా అయిపోతుంది. మీ బండి ఏడాదిలో ఎక్కువ గంటలు ఎక్కడ తిరుగుతుందో నిజాయితీగా లెక్కేసుకోండి. దమ్ముకి ఎలాగూ ఇనప చక్రాలు కడుతున్నాం కదా. మిగతా పనుల్లో సగానికి పైగా ట్రక్కు లాగటమే అయితే, వెడల్పు బటన్, మధ్యలో ఎక్కువ రబ్బరు ఉన్న రోడ్డు రకమే మనకు గిట్టుబాటు. ఊళ్లలో సిమెంటు రోడ్లు వచ్చాక ఈ తేడా ఇంకా బాగా తెలుస్తోంది, సిమెంటు ఆకురాయిలా రబ్బరుని గీకుతుంది.

బిగించాక బాణం గుర్తు చూసుకోండి. బండి వెనక నిలబడి చూస్తే బటన్ల మొన పైకి ఉండాలి. తిరగేసి బిగిస్తే మట్టి బయటకు పోదు, లోపలికే దోపుకుంటుంది.

గాలి సంగతి మరీ అన్యాయం. బొటనవేలితో నొక్కి, కాలితో తన్ని "బాగుందిలే" అంటాం. వెనక టైరుకి సాధారణంగా చేలో 12 పాయింట్ల దగ్గర, బరువుతో రోడ్డు మీద 16 నుంచి 18 పాయింట్ల దాకా ఉంటుంది. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే వేదం. ట్రక్కు టైరుకి దాని మీద రాసినంత. చేలో ఎక్కువ గాలి ఉంటే జారుతుంది, రోడ్డు మీద తక్కువ ఉంటే వేడెక్కుతుంది. గాలి కొలిచే చిన్న గొట్టం ఒక పురుగుమందు డబ్బా ధరకు వస్తుంది. బండికి ఒకటి ఉండాలి. రెండు చక్రాల ట్రక్కులో బస్తాలు వేసేటప్పుడు కూడా ఒక మాట గుర్తుంచుకోండి. బరువు వెనక్కి ఎక్కువైతే కొక్కెం పైకి లేచి ట్రాక్టరు వెనక చక్రాలు తేలికై జారతాయి. మరీ ముందుకు ఎక్కువైతే గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి. ఇరుసుకి కాస్త ముందుకు బరువు ఉండేట్టు సర్దుకోవాలి.

బిల్లు అడగండి

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు టైర్లు, ట్యూబుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత పన్నుతో కలిపి ఇరవైవేలు పడిన టైరు, కంపెనీ అసలు ధర మార్చకపోతే, పదిహేడువేల ఎనిమిదొందలకు రావాలి. రెండువేల రెండొందల తేడా, జతకి నాలుగువేల పైన. "బిల్లు లేకుండా అయితే ఇంకా తగ్గిస్తా" అనే షాపువాడి మాటకు ఇదివరకు కొంత లాభం ఉండేదేమో, ఇప్పుడు ఆ లాభం లేదు. ట్రక్కు టైరుకి ఏ కోవలో పన్ను వేశారో చూడండి, ట్రాక్టరు టైరు కోవలోకి రానివాటికి రేటు వేరుగా ఉంటుంది. బిల్లు మీద టైరు నంబరు రాయించండి. తయారీలో లోపం వల్ల టైరు ఉబ్బినా, పొర లేచినా కంపెనీని అడగాలంటే ఆ కాగితమే ఆధారం.

నాకు ట్రాక్టరే లేదు, ఈ గోలంతా ఎందుకంటారా? మనలో ఎక్కువమంది అలాంటివాళ్లేనని నాకూ తెలుసు. రెండెకరాలవాడు ట్రాక్టరు కొనకూడదని, కిరాయికి పిలుచుకోవటమే మేలని నా అభిప్రాయం కూడా. కానీ కిరాయి ట్రక్కులో వెళ్లేది మీ ధాన్యం. దారిలో ఆగితే తడిసేది మీ బస్తాలు. బేరం కుదుర్చుకునే ముందు ట్రక్కు చుట్టూ ఒకసారి తిరగండి. టైరు పక్కన బీటలు, పొట్ట, లోపలి దారం కనబడుతుంటే "ఈ బండి వద్దు, వేరేది పంపు" అనండి. కిరాయి ఇచ్చేవాడిగా ఆ మాట అనే హక్కు మీది. పదిమంది అలా అంటే ఓనరు తప్పక మారుస్తాడు. ఓనర్లని కూడా తిట్టి లాభం లేదు. ట్రిప్పుకి ఇంత అని కోసి కోసి బేరమాడుతూ, కొత్త టైర్లు వేయమంటే అతనెక్కడి నుంచి తెస్తాడు? మంచి టైర్లున్న బండికి ట్రిప్పుకి ఓ యాభై, వంద ఎక్కువిచ్చినా నష్టం లేదని నేనంటాను.

ఇంకొకటి ఉంది. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. నాట్లప్పుడు, కలుపప్పుడు, కోతలప్పుడు మన ఆడకూలీలు పొద్దున్నే ఎక్కేది ఈ ట్రక్కులే. నిబంధనల ప్రకారం ట్రక్కులో మనుషుల్ని ఎక్కించకూడదు. ఎక్కిస్తున్నాం. తెలంగాణలో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర 2018 జూన్‌లో కూలీల ట్రాక్టరు మూసీ కాలవలో పడి పదిహేనుమంది చనిపోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లే. అది టైరు వల్ల జరిగిందని నేననటం లేదు. కానీ ఆ ఉదయం వాళ్లు ఎక్కినట్టే మన ఊళ్లోనూ రోజూ ఎక్కుతున్నారు. ఆటో మాట్లాడి పంపితే కూలి ఖర్చు కొంత పెరుగుతుంది, తెలుసు. అది పెట్టుకోలేనివాళ్లు, కనీసం ఆ రోజుల్లోనైనా ట్రక్కు టైర్ల వంక చూడండి, డ్రైవరు చేతిలో ఫోను లేకుండా చూడండి, కాలవగట్టు దారి కాకుండా రోడ్డు దారిన రమ్మనండి, దూరమైనా సరే.

మా ట్రక్కుకి ఇప్పుడున్నవి కొత్త టైర్లు. ట్రాక్టరు వెనకవి మాత్రం రీబటన్ చేయించినవే, రెండోసారి. ఇరుగుపొరుగు నవ్వుతారు, ఇంజను బండికి పాతవి, ఈడ్చుకెళ్లే డబ్బాకి కొత్తవా అని. చేలో కాస్త జారుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. తడి చేలో దుక్కి చేయాల్సి వచ్చినప్పుడు పక్కింటివాళ్ల బండి అడుగుతాను, వాళ్ల ధాన్యానికి మా ట్రక్కు ఇస్తాను.